అత్తమ్మకు టన్నున్నర

మీరంతా నన్ను అనుమానంగా చూస్తున్నారని నాకు తెలుసు. కోటేష్ అత్తను ఏసీ డబ్బాలో పెట్టి అడవిలోకి తీసుకుపోయాడట, జనం పట్టుకున్నారట అని విని మీలో సగం మంది నమ్మారు. మిగతా సగం మంది నమ్మడమే కాక, ఎలా చేశాడో కనుక్కుందామని వచ్చారు. టీ చెప్పండి, జరిగింది జరిగినట్టు చెప్తాను.

మా అత్త పేరు ద్వాలి. ఇల్లందు దగ్గర తండాలో ఉంటుంది. ఏటా ఎండలు ముదరగానే కొత్తగూడెంలో మా క్వార్టర్‌కు వస్తుంది. రావడం తప్పని నేననడం లేదు. కూతురి ఇల్లు, వస్తుంది. నేననేది మా ఇంట్లో ఏసీ ఒక్కటే ఉందని.

నాకేమో నైట్ షిఫ్టు. బొగ్గు ప్లాంటులో బెల్టు దగ్గర డ్యూటీ. రాత్రంతా బొగ్గు బెల్టు మీద పోతూ ఉంటుంది, నేను చూస్తూ ఉండాలి. అంతే పని. మనిషికి నిద్ర తెప్పించడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ డాక్టరూ చేయలేడు. పగలు నిద్రపోకపోతే రాత్రి బొగ్గుతోపాటు నేనూ పోతాను.

కొత్తగూడెం ఎండ సంగతి మీకు చెప్పాలా? మధ్యాహ్నం నల్లా తిప్పితే నేరుగా టీ పొడి వేసుకోవచ్చు. అలాంటి ఎండలో డ్యూటీ దిగి, స్నానం చేసి, తిని, ఏసీ వేసుకుని పడుకుంటాను. నేను పడుకున్నాక ఆ గదిలోనే తలుపు పక్కన చాప వేసుకుని మా అత్త కూర్చుంటుంది. మిగతా గదుల్లో కూర్చుంటే మాడిపోతుంది కదా, పాపం.

గంట తిరక్కుండా నాకు మెలకువ వస్తుంది. చూస్తే ఏసీ బంద్. నా మీద ఇంత మందం బొంత. మంచమంతా చెమట. చాప మీద మా అత్త విసనకర్ర ఊపుకుంటూ ఉంటుంది, రిమోట్ ఆమె ఒళ్లో ఉంటుంది.

ఒకరోజు కాదు, రోజూ ఇదే. ఎందుకు బంద్ చేస్తున్నావని అడగొచ్చు కదా అంటారు మీరు. అక్కడే ఉంది చిక్కంతా.

మా అత్తది పాత పద్ధతి. అల్లుడికి ఎదురుపడదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. నేను కనిపిస్తే కొంగు ముఖం మీదికి దిగిపోతుంది. నాకేమైనా చెప్పాలంటే గోడకు చెబుతుంది. "ఓ గోడా, అన్నం సల్లారిపోతాంది" అంటే నేను వెళ్లి తినాలి. నేనూ అంతే. "ఓ ఫ్రిజ్జా, జర మజ్జిగ ఉంటే బాగుండు" అంటాను, మజ్జిగ వస్తుంది. మా ఇంట్లో మాటలన్నీ లంబాడీలో, మీకోసం తెలుగులో చెప్తున్నాను. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఇరవై ఏళ్లలో మా గోడలు, ఫ్రిజ్జు చాలా విషయాలు తెలుసుకున్నాయి. మేమిద్దరం మాత్రం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

అయినా ప్రయత్నించాను. "ఓ గోడా, ఈ ఏసీ బంజేసేటోళ్లు ఎవరో!" అన్నాను ఒకరోజు. గోడ పలకలేదు. అత్త అటు తిరిగి కూర్చుంది. కావాలనే చేస్తోందని నాకు రూఢి అయిపోయింది.

మా ఆవిడ సువర్ణకు చెబుదామంటే ఆమె పగలంతా అంగన్‌వాడీలో ఉంటుంది. సాయంత్రం వచ్చాక చెబితే తీర్పు ముందే తెలుసు. వాళ్లమ్మ మీద నేను వేసిన కేసు ఒక్కటీ ఇంతవరకు నిలబడలేదు.

ఈలోపు ప్లాంటులో కొంప మునిగింది. స్తంభానికి ఆనుకుని నేను కునుకు తీసింది మా షిఫ్టు ఇంఛార్జి రెండుసార్లు చూశాడు. "కోటేష్, ఇంకోసారి గిట్ల కనబడ్డవనుకో, సీదా మణుగూరు పంపిస్త. ఆడ నీకు క్వార్టర్ గూడ దొర్కదు" అన్నాడు. అంటే సువర్ణ ఉద్యోగం ఇక్కడ, నేను అక్కడ, వండి పెట్టే దిక్కు ఎక్కడా లేదు. నాకు నిద్ర కావాలి. బతుకుతెరువు కోసం నిద్ర కావాలి!

సరిగ్గా అప్పుడే పాల్వంచలో వెల్డింగ్ లాలు దగ్గర ఆ బండి చూశాను.

పాత ట్రాక్టర్ ట్రాలీ అది. కిన్నెరసాని చూడ్డానికి వచ్చే టూరిస్టులు అడవి పక్కన అందులో పడుకుంటారని ఎవరో ఆశపడి దాన్ని క్యాంపింగ్ ట్రైలర్‌గా మార్పించుకున్నాడు. రేకు కప్పు, లోపల ప్లైవుడ్డు, రెండు పక్కలా రెండు బల్లమంచాలు, చిన్న అద్దాల కిటికీ. టూరిస్టులు లాడ్జిలోనే పడుకున్నారు. బండి లాలు షెడ్డులోనే ఉండిపోయింది.

నేను మంచాలు చూడలేదు, కిటికీ చూడలేదు. తలుపుకు లోపలి నుంచి పెద్ద గడియ ఉంది. ఆ గడియ చూశాను. క్వార్టర్ వెనక దీన్ని నిలబెట్టి, వంటింట్లోంచి వైరు లాగి, ఒక ఏసీ బిగించి, లోపల గడియ పెట్టుకున్నానంటే నన్ను లేపే మొనగాడు ఎవడు? కొంటానని అక్కడికక్కడే మాట ఇచ్చేశాను.

ఇంటికొస్తూ దారి పొడవునా అబద్ధం తయారు చేసుకున్నాను.

"అత్తమ్మకు నడుం నొప్పి గద," అన్నాను సువర్ణతో. "కార్ల కూసోలేకపోతాంది. లాలు కాడ ఒక ట్రైలర్ సూసిన, ఏసీ వెట్టిస్త. దాంట్ల పండుకొని భద్రాచలం పోయి, రాములవారిని సూసొస్తది."

కూరలో గరిటె ఆగింది. "ఎవరు?"

"అత్తమ్మ."

"ఏ అత్తమ్మ?"

"నాకెంతమంది అత్తలున్నరే?"

"గదే నేనూ సూస్తున్న."

"నువ్వు అన్నీ అనుమానంగనే సూస్తవ్ సువర్ణా."

"మొన్ననే గదయ్యా అన్నవ్, మీ అమ్మ నడుం ఇనుప కడ్డీ, గందుకే కూసున్న కాడికెళ్లి కదలదని?"

"గది పొగిడిన."

"భద్రాచలం గంట గూడ పట్టదు. గంటకు మంచమెందుకు?"

"పెద్దమనిషి."

"మంచానికి ఏసీ ఎందుకు?"

"ఎండ."

సువర్ణ నన్ను కిందనుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత, "సరే, తీస్కో" అని గరిటె తిప్పుకుంది.

నాకు ముచ్చెమటలు పోశాయి. కరివేపాకు తెచ్చినా ఎక్కడ తెచ్చావు, ఎవరి దగ్గర తెచ్చావు, ఇంతే ఇచ్చిందా అని అడిగే మనిషి అంత సులభంగా సరే అంటే ఏమనుకోవాలి? వారం రోజులు కొట్లాడటానికి సరిపడా సరుకు సిద్ధం చేసుకున్నాను. అంతా వృథా అయింది.

పక్క క్వార్టర్ ఉషారాణికి కాలనీలో మైకు ఉషారాణి అని పేరు. కోటేష్ అన్న చక్రాల మీద చిన్నిల్లు పెట్టాడని ఆమె పొద్దున అంటే, మధ్యాహ్నానికి ఆ చిన్నింట్లో ఎవరుంటారో కూడా కాలనీ తేల్చేసింది.

"ఊరంతా నీ చిన్నిల్లు ముచ్చటే," అంది సువర్ణ.

"అత్తమ్మ కోసమని చెప్పకపోయినవా?"

"చెప్పిన. ఒక్కరు గూడ నమ్ముతలేరు."

"నువ్వన్న నమ్మినవా?"

"నేను లెక్కల్లేను, నేను ఇంటిమనిషిని" అంది. అది అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం ఏసీ కొనడానికి బయల్దేరాను. అడక్కుండానే సువర్ణ చెప్పులు వేసుకుంది.

కొట్టు చెంచురామయ్యది. వాళ్ల పెద్దలు ఆంధ్రా వైపు నుంచి సత్తుపల్లి దగ్గరకొచ్చి సేద్యం చేశారు, ఈయన కొత్తగూడెం వచ్చి వ్యాపారం పెట్టాడు. మాట మాటకూ గ్యారంటీ అంటాడు కాబట్టి ఊళ్లో ఆయన్ని గ్యారంటీ చెంచురామయ్య అంటారు.

"గది ఎంత ఉంటది కోటేశూ?" అన్నాడు.

"గది కాదు, బండి."

"బండా?" ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "బండికి ఏసీ ఏంటయ్యా? లోపల ఏం పెడతావు? మిర్చా?"

"మనిషి."

"ఎంతమంది?"

"ఒక్కరే," అన్నాను.

"ఒక్కరేనా?" అంది సువర్ణ పక్కనుంచి. "మరి రెండో మంచం?"

"అత్తమ్మ సామాను," అన్నాను. చెంచురామయ్య నన్ను, సువర్ణను మార్చి మార్చి చూసి, ఈ బేరంలో తనకు తెలియనిదేదో ఉందన్నట్టు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

గోడకు పెట్టే స్ప్లిట్ చూపించాడు. చప్పుడు చేయదన్నాడు. నాకు చప్పుడే కావాలి. బయట అరుపులు లోపలికి వినపడకూడదు. కింద చక్రాలుండి, వెనక గొట్టముండేది చూపించాడు. చక్రాల బండిలో మళ్లీ చక్రాలదా? నా కళ్లు మూలనున్న విండో ఏసీ మీద పడ్డాయి. ఆన్ చేయిస్తే పాత లారీ ఘాట్ ఎక్కినట్టు మోగింది. మనసుకు ఎంత హాయిగా ఉందో!

"ఇందులో ముప్పావు టన్నుది తీసుకో, చాలు," అన్నాడు చెంచురామయ్య.

ముప్పావు టన్ను! నాకు చాలా నామోషీ అనిపించింది. రోజూ నా కళ్లముందు వేల టన్నులు పోతాయి. ముప్పావు టన్ను మా బెల్టు మీద పోస్తే పోసినట్టు కూడా కనబడదు.

"బొగ్గు ప్లాంటోన్ని పట్టుకొని ముప్పావు అంటరేంది రామయ్యగారూ! రెండు టన్నులియ్యుండ్రి."

"అది బొగ్గు లెక్క కాదు కోటేశూ. ఆ డబ్బాకి రెండు టన్నులు పెడితే లోపలికి పోయిన మనిషి ఐస్ ఫ్రూటై వస్తాడు, గ్యారంటీ."

చిన్నది అమ్ముడుపోక మిగిలిపోయి ఉంటుంది, నాకు అంటగడుతున్నాడు అనుకున్నాను. చివరికి టన్నున్నర దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

"దీని గాలి మంచానికి సరిగ్గ తగుల్తదో లేదో సూడాలె," అని ఏసీ ముందున్న అట్టపెట్టెల మీద నడుం వాల్చాను. రెండు నిమిషాలు చూద్దామనే, నా మీద ఒట్టు.

కళ్లు తెరిచేసరికి కొట్టులో లైట్లు వేసి ఉన్నాయి. చెంచురామయ్య బల్ల దగ్గర, సువర్ణ నా కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఇద్దరూ నన్ను దవాఖానాలో పేషెంటును చూసినట్టు చూస్తున్నారు.

"గాలి మంచిగనే తగుల్తాంది," అన్నాను లేస్తూ.

"కనబడ్డది," అంది సువర్ణ. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నాకు ఇంకా భయమేసింది.

లాలు ట్రైలర్ గోడకు కంత కోసి ఏసీ బిగించాడు. బండి క్వార్టర్ వెనకకు వచ్చింది. వైరు చుట్ట చేతిలో పట్టుకుని నేను వంటింటి వైపు వెళ్తుంటే సువర్ణ ఎదురొచ్చింది.

"రేపు పొద్దుగాల జల్దీ లేవాలె," అంది.

"ఏడికి?"

"భద్రాచలం. అమ్మకు చెప్పిన, తండాకు ఫోన్ జేసి అందరికీ చెప్పిన. అల్లుడంటే గిట్లుండాలని ఒకటే పొగుడుతున్నరు."

"గప్పుడే ఎందుకే? ఏసీ పనిజేస్తదో లేదో సూడొద్దా?"

"దారిల సూద్దాం. అవునయ్యా, దారిల దానికి కరెంటు ఏడికెళ్లొస్తది?"

నేను వైరు చుట్ట వైపు చూశాను. నిజం చెప్తున్నాను, ఆ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. పుట్టినప్పటి నుంచి కాకపోయినా ఉద్యోగం వచ్చినప్పటి నుంచి క్వార్టర్‌లోనే ఉన్నాను. కరెంటు గోడలోంచి వస్తుంది. గోడ ఉంటే కరెంటు ఉంటుంది. ట్రైలర్‌కు కూడా నాలుగు గోడలున్నాయి కదా!

టెంట్ హౌస్ నుంచి జనరేటర్ కిరాయికి తెచ్చి ట్రైలర్ ముందు భాగాన కట్టాను. దాని మీద ఎర్ర అక్షరాలతో 'అన్ని శుభ, అశుభ కార్యములకు సంప్రదించండి' అని రాసి ఉంది. ఆ అశుభం నా కోసమే రాశారని అప్పుడు నాకేం తెలుసు?

మర్నాడు నా పాత బొలేరోకు ట్రైలర్ తగిలించాను. మా అత్త కొంగు ముఖం మీదికి దించుకుని మెట్టెక్కింది. లోపలంతా చూసింది. ఏసీ ఆన్ చేశాను. క్షణంలో రేకు డబ్బా కాస్తా కూల్ డ్రింక్ ఫ్రిజ్ అయింది. అత్త నా మంచం మీద, అవును నా మంచం మీద, చక్కగా పడుకుని, తెల్ల దుప్పటి తల నుంచి కాళ్ల దాకా కప్పుకుంది. తలుపు వేశాను. లోపల గడియ పడిన చప్పుడైంది. నా గడియ అది!

పాల్వంచ దాటి అడవి మొదలయ్యాక బొలేరో పొగలు కక్కింది. దారి పక్క టీ కొట్టు దగ్గర ఆపాను. రేడియేటర్‌కు నీళ్లు తెస్తానని సువర్ణ డబ్బా పట్టుకుని గూడెం లోపలి బోరింగు దగ్గరకు వెళ్లింది. అక్కడ నేనొక్కడినే ఉన్నాను. జనరేటర్ దడదడలాడుతోంది, ఏసీ దాంతో పోటీ పడుతోంది.

టీ కొట్టు బల్ల మీద నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లలో పెద్దాయన పేరు పోతయ్య అని తర్వాత తెలిసింది. ఆయన లేచి వచ్చి జనరేటర్ మీది అక్షరాలు చదివాడు. చెయ్యి అడ్డం పెట్టి కిటికీ అద్దంలోంచి లోపలికి చూశాడు. అద్దం చల్లదనానికి మసకేసి ఉంది. ఆయన మెల్లగా తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎప్పుడు బిడ్డా?" అన్నాడు.

ఏసీ ఎప్పుడు బిగించానని అడుగుతున్నాడనుకున్నాను. "నిన్ననే," అన్నాను.

"అయ్యో! ఏమైంది?"

"ఎండకు తట్టుకోలేకపోయింది."

"ఏమైతది నీకు?"

"మా అత్త."

"ఏడికి తీస్కపోతున్నవ్?"

"గోదారి కాడికి."

పోతయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "మంచిగ జేస్తున్నవ్ బిడ్డా. ఈ రోజుల్ల అత్త కోసం గింత చేసే అల్లుడు ఏడున్నడు?"

నా ఛాతీ ఉప్పొంగింది. అబద్ధం మొదలుపెట్టినప్పటి నుంచి నన్ను అనుమానించకుండా మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. "గంతే గద పెద్దయ్యా, మన బాధ్యత," అన్నాను కూడా.

ఇంతలో టీ కొట్టామె అగరుబత్తులు వెలిగించి ట్రైలర్ మెట్టు మీద గుచ్చింది. ఎవరో బంతిపూలు తెచ్చి పెట్టారు. పోతయ్య కొబ్బరికాయ కొట్టాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు వెలిగింది.

"సావలేదు! సావలేదు! పండుకుంది!" అని అరిచాను.

అందరూ ఆగిపోయారు. పోతయ్య కిటికీలోకి మళ్లీ చూశాడు. దుప్పటి కదల్లేదు.

"పండుకుంటే లేపు," అన్నాడు.

ఎలా లేపను? తలుపుకు లోపల గడియ. అద్దం మీద కొట్టాను, జనరేటర్ చప్పుడులో ఏసీ చప్పుడు, ఏసీ చప్పుడులో నా చప్పుడు కలిసిపోయాయి. మిగిలింది పేరు పెట్టి పిలవడమో, అత్తా అని పిలవడమో. ఇరవై ఏళ్లలో ఆ పని చేయలేదు. అలవాటు కొద్దీ ట్రైలర్ వైపు తిరిగి, "ఓ రేకా, లోపటోళ్లు జర లేస్తే బాగుండు!" అన్నాను.

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"రేకుతోని మాట్లాడుడేంది? ఆమెతోని మాట్లాడు," అన్నాడు పోతయ్య.

"నేను మాట్లాడ."

"ఎందుకు మాట్లాడవ్?"

"అత్తతోని మాట్లాడ."

"ఎన్నేండ్ల సంది?"

"పెండ్లయినకాడికెళ్లి," అన్నాను. చెప్పాక గానీ, ఆ మాట బయటివాళ్లకు ఎలా వినిపిస్తుందో అర్థం కాలేదు. పద్ధతిని వాళ్లు పగ అనుకున్నారు. అత్తతో ఇరవై ఏళ్లుగా మాటల్లేని అల్లుడు, కదలకుండా పడున్న అత్త, చుట్టూ అడవి. పైగా కళ్లల్లో తడి లేదు. తలపాగా మళ్లీ పోతయ్య తల మీదికి వెళ్లింది. భుజం మీది చెయ్యి నా చొక్కా కాలర్ దగ్గరికి వచ్చింది. ఒకడు బొలేరో తాళంచెవి లాక్కున్నాడు. ఇంకొకడు పోలీసులకు ఫోన్ కలుపుతున్నాడు.

మణుగూరు ట్రాన్స్‌ఫర్ కాదు, నాకు జైలు కనిపించింది. పద్ధతీ లేదు, పాడూ లేదు. అద్దానికి మూతి ఆనించి గొంతు చించుకున్నాను.

"అత్తా! ఓ అత్తా! లే అత్తా! నీ కాళ్లు మొక్కుత, లే!"

తెల్ల దుప్పటి దిగ్గున లేచి కూర్చుంది.

తర్వాత ఎవరెటు పోయారో నేను చూడలేదు. అగరుబత్తులామె టేకు చెట్ల వైపు పరుగెత్తినట్టు గుర్తు. ఫోన్ కలిపినవాడు ఫోన్ అక్కడే వదిలేశాడు. పోతయ్య ఒక్కడే నిలబడ్డాడు, అదీ నా కాలర్ వదలడం మరిచిపోయి.

గడియ తీసుకుని మా అత్త బయటికి దూకింది. కొంగు లేదు, ముసుగు లేదు. నేరుగా నా ముఖంలోకి చూస్తూ, "ఏందల్లుడా? ఏమైంది? నీకేమన్న అయిందా?" అంది.

ఇరవై ఏళ్లలో ఆమె నాతో అన్న మొదటి మాట అది. అని, నాలుక కరుచుకుని కొంగు కోసం వెతుక్కుంది. కొంగు దొరికింది గానీ అప్పటికే మాట జారిపోయింది.

సువర్ణ నీళ్ల డబ్బాతో వచ్చేసరికి జనం ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. విషయం తెలిసి పగలబడి నవ్వారు. పోతయ్య తాళంచెవి ఇప్పించి, కొట్టిన కొబ్బరికాయ వృథా ఎందుకని ముక్కలు చేసి అందరికీ పంచాడు. మా అత్త కూడా తన కొబ్బరి తాను తింది.

"నువ్వు మాత్రం గింత మొద్దు నిద్రేందే?" అంది సువర్ణ తల్లితో.

"నేను పండుకోక ఎన్ని దినాలైతాందో," అంది మా అత్త. మళ్లీ పద్ధతి గుర్తొచ్చి, మిగతాది బొలేరో టైరుకు చెప్పింది. "ఇంటికాడ ఏసీ ఏసినమంటే అల్లుడు మోకాళ్లు కడుపుల వెట్టుకొని ముడుసుకొని పంటడు. సలికి తట్టుకోలేకపోతుండని నేను బంజేసి బొంత కప్పుడు. నోరు తెరిచి అడగరాదాయె. నాకు ఉక్కపోసి పానం పోయేది. ఏం జేస్త? రాత్రంత బొగ్గుల కష్టపడొచ్చే పిలగాడు, మంచిగ నిద్రపోనీ అనుకున్న."

నేను ముడుచుకుని పడుకునేది చలికి కాదు. చిన్నప్పుడు తండాలో ఒక్క బొంత కింద అన్నదమ్ములం అందరం పడుకునేవాళ్లం, అప్పటి అలవాటు అది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆమె విసనకర్ర ఎందుకు ఊపుకుంటోందో నాకు తెలియదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా మీద అంత ప్రేమ పెట్టుకున్న మనిషిని నేను రోజూ పడుకునే ముందు ఒకసారి, లేచాక ఒకసారి తిట్టుకున్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పోతయ్య చూస్తుంటే, అగరుబత్తుల పొగ అన్నాను.

"నేనేమనుకున్ననో ఎరుకేనా?" అంది సువర్ణ, అత్త ట్రైలర్ ఎక్కాక. "రోజూ నేనొచ్చే వరకు అమ్మ చమటల తడిసి ఉంటది. అడిగితే చెప్పది. ఆమె ఎళ్లిపోవాలని నువ్వే ఏసీ బంజేస్తున్నవనుకున్న."

"నేనా!"

"నువ్వే. గందుకే అమ్మకు ఇంకో ఏసీ కొనాలనుకున్న. నేను చెప్తే నువ్వు వంద వంకలు వెడ్తవ్. అంతల నువ్వే వచ్చి అమ్మకోసం ఏసీ అన్నవ్. అబద్ధమని గప్పుడే తెల్సింది. దుకాణంల పెట్టెల మీద గుర్రు వెట్టినంక, ఎవరికోసమో గూడ తెల్సింది."

"తెల్సి ఎందుకు కొననిచ్చినవే?"

"కొన్నంక అది ఎవరిదైతదో నాకు ఎరుకే గద," అంది సువర్ణ. "తండా అంతా చెప్పిన, అల్లుడు అత్తకు టన్నున్నర ఏసీ కొన్నడని. ఇగ కాదను, సూస్త."

అనలేదు. రాములవారి ముందు నిలబడి కూడా అనలేదు.

ఇంటికి వచ్చాక అనుకున్నాను, పోనీలే, ట్రైలర్ ఆమెకు, పడకగది నాకు, ఇద్దరికీ చల్లగా ఉంటుందని. రెండు ఏసీలూ కలిపి వేశాను. ఫట్‌మని ఫ్యూజు పోయింది. మళ్లీ కట్టాను, మళ్లీ పోయింది. టన్నున్నర ముందు మా క్వార్టర్ వైరింగ్ నిలబడలేదు. రెండిట్లో ఒకటే నడుస్తుంది.

ఆమెది బంద్ చేయడానికి నాకు చేతులు రాలేదు. నాది వేసుకోమని ఆమె గోడకు చెబుతుంది. చివరికి సువర్ణే తీర్పు చెప్పింది. ట్రైలర్‌లో మంచాలు రెండున్నాయి, మధ్యలో చీర కట్టుకుని ఇద్దరూ అందులోనే పడుకోండి అని.

అలా నేను కోరుకున్న ట్రైలర్‌లో, కోరుకున్న ఏసీ కింద, గడియ పెట్టుకుని పడుకుంటున్నాను. కానీ మా అత్తకు నోరు తెరుచుకుంది. ఒకసారి మాట్లాడేశాక ఇంక దాచుకునేదేముందని ఆమె వాదన. ఇరవై ఏళ్ల నిల్వ ఉంది ఆమె దగ్గర. పెళ్లి రోజున నేను లడ్డూ సగం తిని ఎందుకు వదిలేశానో అడిగింది. తండా జాతరకు వచ్చి కోడికూర తినకుండా ఎందుకు వెళ్లిపోయానో అడిగింది. నా మీసం అప్పుడు బాగుండేదంది. నా నడక మొదటినుంచీ బాలేదంది. ఆమె మాటలు ఇంకా మా పెళ్లయిన మొదటి ఏడు దాటలేదు.

"మీ అమ్మకు జర చెప్పవే," అన్నాను సువర్ణతో.

"ముందుగాల నోరు తెరిచిందెవరు? అడవిల అత్తా అత్తా అని మొత్తుకున్నదెవరు?" అంది.

డ్యూటీలో మాత్రం ఇప్పుడు కునుకు రావడం లేదు. స్తంభానికి ఆనుకుంటే చాలు, ఆమె గొంతు వినిపించి నిటారుగా లేస్తున్నాను. కోటేష్ బాగా మారాడని షిఫ్టు ఇంఛార్జి అందరి ముందూ మెచ్చుకున్నాడు. మణుగూరు మాట మళ్లీ ఎత్తలేదు.

నిన్న మధ్యాహ్నం చీర అవతల మాటలు ఆగిపోయాయి. నమ్మలేదు నేను. చాలాసేపు చెవులు రిక్కించుకుని విన్నాను. ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకున్నాను. ఒళ్లు తేలిపోయింది, కళ్లు మూతలు పడ్డాయి. అబ్బ, ఎన్నాళ్లకు!

చీర పక్కకు జరిగింది. ఒక చెయ్యి నా భుజం తట్టి, ఊపి, పూర్తిగా మెలకువ వచ్చేదాకా కుదిపింది.

"అల్లుడా," అంది మా అత్త ఎంతో ప్రేమగా, "నిద్ర మంచిగ పట్టిందా?"